నలభై ఏడో బగ్గు మూయలేదు

రఫీ అన్నా,

నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. రక్తపరీక్షల ల్యాబుల కోసం మనం రాసిన సాఫ్ట్‌వేర్ కోడును కొత్త సైటుకు మార్చారు. తప్పులు, అదే బగ్గులు, రాసుకోవడానికి దానికి సొంత లిస్టు ఉంది. నువ్వు రాసిన పాత లిస్టు మాత్రం వేరేచోటే ఉండిపోయింది.

"పాత లిస్టు ఎవరు చూస్తారప్పా, పారేయ్" అన్నాడు మన ఆఫీసు ఓనరు.

"రిపోర్టులు మారిపోతాండాయని రాసిండేది దాంట్లోనే సార్! ఒక్కసారైనా చూసినారా?" అని అరిచాను.

హెల్పు పేజీలు చదువుకుని, నీ లిస్టును కొత్త సైటుకు నేనే కలిపాను. మొదట కోడు పక్కన నువ్వు రాసిపెట్టిన బగ్గు నంబరు 47 నొక్కితే కొత్త లిస్టులోని బటన్ రంగు గొడవ తెరుచుకుంది. కొత్త లిస్టును ఆపి, నీ లిస్టు అడ్రసు ఇచ్చాక నీ మాటలు కనపడ్డాయి: "ఒకే పేరుతో ఇద్దరొస్తే ఒకరి రక్తం రిపోర్టు ఇంకొకరికి పోతాండాది."

ఇప్పుడు దాన్ని సరిచేశాను. రేపు నందికొట్కూరు ల్యాబులో పెడతాం. పదిసార్లు పరీక్షించినా భయం పోవడం లేదు. బగ్గును లిస్టులో రాసినవాడే, సరైందో లేదో చూసి మూయాలని మన ఆఫీసులో రూలు పెట్టింది నువ్వే.

"మూసేయప్పా, ఇంకా ఎవరికోసరం?" అంటున్నాడు ఓనరు.

నేను మూయలేదు. కింద "సరిచేసినా, ఒకసారి చూడన్నా" అని రాసి సేవ్ చేశాను. లిస్టు ఎప్పటిలాగే తనంతట తానే నీకు మెయిల్ పంపింది.