ఇంజిన్ లేని శని, ఆదివారాలు

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరూ కులాసా, ఒక్క నేనే అలసిపోయి ఉన్నాను. మా గ్లైడర్ల సంఘానికి పదకొండేళ్ళుగా కార్యదర్శినని మీకు తెలుసు కదా. మేం ఏటా ఎగరేసుకునే మైదానంలో ఈసారి గోదాము కడుతున్నారు. మీ ఆవులు మేసే ఏటవాలు పచ్చిక ఒక శని, ఆదివారాలు మాకిస్తారా? ఇరవై మందిమి వస్తాం. ఎవరి విమానం వాళ్ళే తెచ్చుకుంటారు. ఒక్కోదానికి ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు ఆరు మీటర్లు.

ఇట్లు,
మీ బావమరిది.

తా.క. మీ ఆవుల్ని మేం ఏమీ అనం. అవి మమ్మల్ని ఏమీ అనకుండా చూడండి.

*

బావమరిదికి దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. ఇరవై విమానాలు అన్న చోట ఆగి కుర్చీలో కూలబడింది. నాకున్నది గడ్డి, రన్‌వే కాదు. ఆ దారిన పాల వ్యాను రావడమే గగనం. చిన్నప్పుడు ఉయ్యాలెక్కితేనే నీకు కళ్ళు తిరిగేవట, ఈ వయసులో విమానం నడపడం ఎవరు నేర్పారు?

ఇట్లు,
కంగారుగా, నీ బావ.

తా.క. పాల వ్యాను డ్రైవరుతో ఒక్క మాట అన్నాను, అంతే. బడిపంతులుగారు వచ్చి టిక్కెట్లు ఎక్కడిస్తారని అడిగి వెళ్ళారు. మీ అక్కకి కిటికీ పక్క సీటు కావాలట.

*

బావగారికి నమస్కారాలు.

అందులో ఎవరూ ఎక్కరు. అది పెద్ద బొమ్మ విమానం. ఇంజిన్ కూడా ఉండదు. ముక్కలుగా విప్పి కారు మీద కట్టుకొస్తాం. ఇద్దరు పట్టుకుని వాలు మీద పరిగెత్తి వదిలితే గాలే మోస్తుంది. మేం కింద నిలబడి రేడియో మీటలతో తిప్పుతాం.

మీ దగ్గర దాపరికం ఎందుకు, నేను నాలుగేళ్ళు కూర్చుని కట్టుకున్న విమానం ఇంతవరకు గాలి మొహం చూడలేదు. ఆ రెండు రోజులూ నేను బల్ల దగ్గర కూర్చుని ఎవరు ముందో ఎవరు తర్వాతో పేర్లు రాస్తుంటాను. మానేస్తానంటే ఇంకొకరు ముందుకు రారు.

ఇట్లు,
మీ బావమరిది.

తా.క. టిక్కెట్ల సంగతి పంతులుగారికి మెల్లగా చెప్పండి.

*

బావమరిదికి దీవెనలు.

మనిషి ఎక్కడు. ఇంజిన్ లేదు. తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. దానికి మళ్ళీ కార్యదర్శి కూడానా? సరే, రండి. ఆవుల్ని కింది చేలోకి తోలతాను.

పంతులుగారికి మెల్లగానే చెప్పాను, “వాటిని ఎవరూ ఎక్కరటండీ” అని. ఎక్కడానికి ఎవరికీ ధైర్యం చాలని విమానాలొస్తున్నాయని ఆయన అందరికీ చెప్పేశారు. నర్సమ్మ కట్లు, దూది సర్దుకుంటోంది.

ఇట్లు,
నీ బావ.

తా.క. కిటికీ లేకపోయినా సర్దుకుంటానంటోంది మీ అక్క.

*

బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. శనివారం ఆకు కదల్లేదు. ఇరవై మందిమీ ఆకాశాన్ని చూస్తూ కూర్చుంటే, నర్సమ్మ మమ్మల్ని చూస్తూ కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం గాలి లేవగానే మీరు నా చేతిలో కాగితాలు లాక్కుని, “నీ మొహం చూడలేక చస్తున్నా. పో, దాన్ని ఎగరేసుకో. పేర్లు నేను రాస్తా” అన్నారు. నలభై నిమిషాలు ఎగిరింది బావగారూ. ఒక గద్ద వచ్చి దాని పక్కనే తిరిగింది. దింపాక దాని రెక్కలూ, నా మొహమూ ఒకే తువ్వాలుతో తుడిచాను. ఎవరికీ చెప్పకుండా సర్దుకుని వచ్చేశాను. కారు దగ్గర అక్క ఎదురై, “జలుబు చేసిందా?” అంది. అవునన్నాను.

సంఘం మీటింగు నేను లేకుండానే జరిగినట్టుంది. మళ్ళీ నన్నే కార్యదర్శిగా రాసుకుని ఉంటారు. ఈసారి రాజీనామా రాసేశాను. ఎవరికి పంపాలో తెలియక బల్ల మీదే పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ బావమరిది.

తా.క. నర్సమ్మకి క్షమాపణలు చెప్పండి. ఎవరికీ దెబ్బలు తగల్లేదని చిన్నబుచ్చుకుంది.

*

బావమరిదికి దీవెనలు.

రాజీనామా నాకు పంపు.

నువ్వు పైకి చూస్తున్నప్పుడు ఇక్కడ కింద మీటింగు పెట్టారు. ఒకాయన లేచి ఏదో అడిగాడు, ఎవరూ పలకలేదు. సరిగ్గా అప్పుడే ఆవులు గేటు తోసుకుని వస్తున్నాయి. గేటు వెయ్యండయ్యా అని చెప్పడానికి చెయ్యెత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవుల్ని అదిలిస్తున్నారనుకుని నేనూ కొట్టాను. నిన్న పాల వ్యానులో సంఘం వాళ్ళు పంపిన కొత్త రబ్బరు స్టాంపు, రెండు పెట్టెల కాగితాలు దిగాయి. రాత్రి నుంచి నడుం నొప్పి.

ఇట్లు,
నీ బావ,
కార్యదర్శి.

తా.క. వచ్చే ఏడు వచ్చేటట్టయితే పేరు ముందే రాసి పంపు. ఇప్పటికి వరసలో నీది పదిహేడు. చుట్టరికం చూడబడదు.