ఈస్ట్‌కు వినిపించిన గొంతు

తాతయ్యా,

క్రిస్మస్ బీరు పీపా మూత తీయకు. పైన కప్పిన గొర్రె తోళ్లు అలాగే ఉంచు, చలి తగలకూడదు. పులుసు పొయ్యి మీద ఉంది. ఆపరేషనైన కంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు చుక్కలు వేసుకో. నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి నేను బడిలో ఉంటాను, నాలుగింటికి వస్తాను.

నిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "బీరు పులియడానికి పీపాలో ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా అరిచావా తల్లీ? అరవకపోతే అది నిద్ర లేవదు" అన్నావు. అరిచానన్నాను. అబద్ధం. పక్కింటి టోర్‌గైర్ మామయ్య వింటాడని సిగ్గేసి గొణిగానంతే. మూడు గంటలైనా ఒక్క బుడగ రాలేదు. మీ అమ్మ కాలం నుంచి ఏటా నురుగు తీసి ఎండబెట్టి దాచుకుంటున్న ఈస్ట్. డబ్బాలో ఇక చిటికెడు కూడా లేదు. నా చేతుల్లోనే చచ్చిపోయిందని ఏడ్చాను. చివరికి కళ్లు మూసుకుని, పీపా మీదికి వంగి అరిచాను.

"ఎవరే అది, సిన్నోవేనా? నీకూ గొంతుందన్నమాట!" అని మామయ్య గోడ అవతలి నుంచి తిరిగి అరిచాడు.

పొద్దున చూస్తే నురుగు మూతను పైకెత్తేస్తోంది. బతికే ఉంది తాతయ్యా! నా గుండె ఇప్పుడు కుదుటపడింది.

సిన్నోవే

మరిచాను: మామయ్య మధ్యాహ్నమే వచ్చి నీకు నవ్వుతూ చెప్పేస్తాడు, అందుకే ముందే రాశాను. వచ్చే ఏడు ఈస్ట్ నువ్వే వేయి. అరవడం మాత్రం నాకు వదిలేయి.