అతుక్కోని అట్టపెట్టెలు

బావమరిదికి,

క్షేమసమాచారాలు తర్వాత, ముందు నీ జిగురు సంగతి. నీ మొహం చూసి పాత జిగురు మానేసి, నువ్వు తయారుచేసిన జిగురు డ్రమ్ము తెప్పించుకున్నాను. నేను చేసిచ్చిన అట్టపెట్టెని చెప్పుల షాపాయన ఎత్తితే మూత చేతిలో మిగిలింది, చెప్పులు కాళ్ల మీద పడ్డాయి. మళ్లీ ఇలా జరిగితే ఆర్డరు వేరేవాళ్లకి ఇస్తానన్నాడు. జవాబు రాయకపోతే మీ జిగురు ఫ్యాక్టరీ మేనేజరుకే రాస్తాను.

కోపంతో,
బావ

తా.క.: నీ జిగురు కంటే నా ఉమ్మి నయం.

*

బావగారికి నమస్కారాలు.

మీరు మేనేజరుకి రాస్తే ఈ జిగురు తయారీ ఆపేస్తారు, నా కష్టమంతా గంగపాలు. వట్టి పిండి జిగురు తడి తగిలితే వదిలేస్తుందని, పిండిని గంజిలా ఉడికించి నీళ్లకి కరగని యాక్రిలిక్‌ని దానికి గొలుసులా ముడివేశాను. ఇక్కడ అతికించి ఊడదీయబోతే అట్ట చిరిగింది కానీ అతుకు వదల్లేదు. మీరే ఆదా కోసం నీళ్లు కలిపి ఉంటారు.

మీ బావమరిది

తా.క.: ఉమ్మి అన్నారు కాబట్టే అనుమానం వచ్చింది.

*

ఒరేయ్,

నన్ను కక్కుర్తి మనిషిని చేస్తావా? డ్రమ్మున్న గదిలోకి నేనూ మీ అక్కా తప్ప ఎవరూ వెళ్లరు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, తమ్ముడు అంత మాట అనకూడదని పాపం తనే బాధపడింది.

షాపాయన్ని బతిమాలుకోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఉక్కపోతకి ఒళ్లంతా చెమట. లేచి దండం పెడుతుంటే కుర్చీ కూడా నాతో లేచింది.

ఇక నీకు బావ కానివాడు

తా.క.: కుర్చీ వదిలింది. చొక్కా వీపు దాంతోనే ఉండిపోయింది.

*

బావగారూ,

తిట్లు తర్వాత తింటాను. ఆ చొక్కాకి గంజి ఎవరు పెట్టారు?

మీ బావమరిది

*

బావమరిదికి,

మీ అక్కని అడిగాను. డ్రమ్ము దింపిన రోజు నువ్వే "ఇది గంజే అక్కా" అన్నావట. అప్పటినుంచి మా చొక్కాలకీ, పక్కింటి దుప్పట్లకీ, వీధిలో అడిగినవాళ్లందరికీ అదే పెడుతోంది. తీసినప్పుడల్లా అంతకంత నీళ్లు పోసి డ్రమ్ము నింపింది.

షాపాయనకి జరిగింది చెప్పాను. నవ్వాపుకోలేక ఆర్డరు ఉంచాడు. మేనేజరుకి రాయను. మీ అక్కని ఏమీ అనలేను, నిన్ను అనగలను. అందుకని కోపం నీ మీదే ఉంచుకున్నాను.

బావ

తా.క.: తమ్ముడూ, ఇది అక్కని. ఈసారి డ్రమ్ము ఇంకాస్త చిక్కగా పంపించు. నీళ్ల సంగతి నేను చూసుకుంటాను.