అవి దేవర పాదాలు కావు

జానపద వస్తు ప్రదర్శనశాల అధికారి గారి సముఖమునకు,
ఇప్పలగుంపు గూడెం మంత్రసాని ముత్తక్క నోటితో చెప్పగా, బడిపంతులు వెంకటనారాయణ వ్రాసిన అర్జీ.

అయ్యా,

విషయం: తమరు దేవతను చేసి అద్దాల పెట్టెలో నిలబెట్టిన మా కాన్పు పలకను తిరిగి ఇప్పించుట గురించి.

1. సదరు టేకు పలక మా అత్త కాలానికి ముందు నుంచి మా కాన్పుల గుడిసెలో గోడకు ఆనించి ఉండేది. నొప్పులు పడే ఆడది దూలానికి కట్టిన తాడు పట్టుకొని, రెండు మడమలు ఆ పలకకు తన్నిపెట్టి బిడ్డను కంటుంది. తన్నగా తన్నగా చెక్క అరిగి రెండు గుంటలు పడినవి. వాటిలో నా మడమలు కూడా ఉన్నవి.

2. పోయిన వేసవిలో గుడిసెకు కప్పు మార్చుటకై పలకను బయట పెట్టి, ఆడవాళ్ళమంతా తునికాకు తెంపుటకు అడవికి పోయినాము. అప్పుడు తమవారు జీపులో వచ్చినారు. ఊరిపెద్ద సీతయ్య ఒక్కడే ఉన్నాడు. కాన్పుల గుడిసెలో మగవాళ్ళు అడుగుపెట్టరు గనుక అది ఏమిటో అతనికి తెలియదు. తెలియదని చెప్పుటకు మీసం అడ్డం వచ్చింది. "దేవర పాదాలు సారూ, మా తాతలనాటియి" అన్నాడట. తమవారు చెప్పులు విడిచి మొక్కి, జీపులో వేసుకొని పోయినారు.

సాయంత్రం నేను నిలదీస్తే, "దేవరను సర్కారుకిచ్చిన, మంచిదేగద ముత్తక్కా" అన్నాడు.

"అవి నీ అమ్మ మడమలురా! నువ్వు అడ్డం తిరిగి సతాయిస్తే తెల్లారేదాక తన్నింది" అన్నాను. ఆనాటి నుంచి నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నాడు.

3. నేను బస్సెక్కి తమ ఆఫీసుకు వచ్చితిని. పలకకు బంతిపూల దండ, పసుపు, కుంకుమ, కింద "దేవర పాదాలు" అని వ్రాసిన చీటీ. ఎవరో ఆఫీసరు భార్య కళ్ళు మూసుకొని, కొడుకు పరీక్ష పాసు కావాలని మా మడమలకు మొక్కుతున్నది. నాకు నవ్వాగలేదు. తమ జవాను "దేవుని ముందర ఇకిలింపేంది ముసలీ, జరుగు" అని నెట్టినాడు. కాన్పు అన్న మాటకు తమరు ముఖం తిప్పుకొని, "దేవత అని రికార్డులో ఎక్కింది, మార్చుట వీలుపడదు" అన్నారు. తమరు ఆకాశం నుంచి ఊడిపడినట్టున్నారు.

4. వేరే చెక్క పెట్టుకొమ్మని తమరే సెలవిచ్చినారు. పెట్టినాము. నున్నటి చెక్క మీద మా గూడెం ఎర్రమ్మ చెమట కాళ్ళు జారినవి. బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డ ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

5. నా మనుమరాలు జంపక్కకు నెలలు నిండినవి. తొలిచూలు. దగ్గరున్న దవాఖానాకు తాళం. నర్సమ్మ బదిలీ మీద పోయింది. ఉన్నది నేను, ఆ పలక.

కావున దండ తీసి, కుంకుమ కడిగి, పలకను బస్సు మీద వేయించి పంపవలెను. చీటీ తమరే ఉంచుకొని మొక్కుకొనవచ్చును. చిత్తగించవలెను.

"తమ విధేయురాలు" అని పంతులు వ్రాయబోతే చేయి పట్టుకొని ఆపినాను.

ముత్తక్క
(బొటనవేలి ముద్ర)

తా.క.: మడిచిన కాయితం మళ్ళ విప్పించిన. నేను అన్నది అన్నట్టే రాయమన్న. సోమవారం దాక చూస్త. పలక రాకుంటే జంపక్కను బస్సెక్కించుకొని నీ ఆఫీసుకే వస్త. అద్దాల పెట్టె తెరిపించి, గక్కడ్నే కాన్పు చేస్త. నీ జవానును వేడినీళ్ళు కాచి పెట్టమను. నువ్వు బయట నిలబడు. కాన్పయ్యేదాక మగోళ్ళు లోపలికి రావద్దు.