సూదికన్ను పువ్వు

హెస్టర్‌కు నాన్న దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. వాన ఆగలేదు, మోకాలి నొప్పీ ఆగలేదు. అక్కడ మీరందరూ బాగున్నారని తలుస్తాను.

నీళ్లు పోస్తున్నా నీ ప్రిమ్‌రోజ్ ఆకులు వాలిపోతున్నాయని రాశావు. ఇంక పోయకు. కుండీ బోర్లించి వేళ్లు చూడు. తెల్లటి పురుగులుంటాయి. ఏరి చంపు. వేళ్లు కడిగి, కొత్త మట్టిలో, నీడపట్టున నాటు. ఈ మొక్కలు ఎండకు చచ్చేవే గానీ చలికి చచ్చేవి కావు.

తిండి సంగతి అడిగావు. తింటున్నాను. పక్కింటి డోరిస్ మాంసం, బంగాళాదుంపలు కలిపి వండి తెస్తోంది. ఉప్పుండదు. నేనే పైన చల్లుకుంటాను.

అమ్మ చివరగా పెంచిన ప్రిమ్‌రోజ్ మొక్క ఏమైందన్నావు. దానికి జవాబు కాస్త పెద్దది.

నల్లటి రేకులు, అంచున బంగారు గీత. తను చల్లిన విత్తనంలో అలాంటిది రావాలని అమ్మ ఎన్ని వసంతాలు ఎదురుచూసిందో నీకు తెలుసు. పోయిన ఏప్రిల్‌లో పూసింది. మంచం దగ్గరికి తెచ్చి చూపించాను. పువ్వు నడుమ గుండుసూది తలలాంటిది పైకి కనిపిస్తోంది. మగ్గాల మీద బట్టలు నేసిన తాతల కాలం నుంచీ మన ఊరి పూలవాళ్లకు అది దోషం. ఎంత అందగత్తె అయినా పోటీ బల్ల ఎక్కదు.

“సూదికన్ను. పెంటకుప్పలో వేసెయ్,” అని అమ్మ గోడవైపు తిరిగింది.

సాయంత్రం అడిగింది. “వేశావా?”

“వేశాను.”

వెయ్యలేదు. పెరట్లో బొగ్గుల కొట్టు వెనక నాటాను. మే నెలలో ఆ అబద్ధంతోనే ఆమెను సాగనంపాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న శనివారం పూల పోటీ. ఆ మొక్కను కుండీలోకి ఎత్తి, ‘పెంచినవారు: ఈనిడ్’ అని అమ్మ పేరుతో చీటీ గుచ్చి బల్ల మీద పెట్టాను. తీర్పు చెప్పే ఎంట్విజిల్ వంగి చూశాడు.

“ఏమయ్యా విల్‌ఫ్రెడ్, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయావా?”

“పెట్టుకునే వచ్చాను.”

“మరి సూదికన్ను కనపడలా?”

“కనపడింది.”

“ఈనిడ్ ఉంటే నీ చెవి మెలేసేది.”

“ఉంటే మెలేయించుకునేవాణ్ణి.”

“తీసెయ్ మరి.”

“నేను తియ్యను. నువ్వు తియ్యి.”

చీటీ మీది పేరు చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. చివరికి ‘అనర్హం’ అన్న అట్టముక్క కుండీకి ఆనించి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా మొక్క అక్కడే ఉంది. బహుమతి పూలకన్నా దాని ముందే ఎక్కువమంది నిలబడ్డారు.

పూలు రాలాక, జూన్‌లో దుబ్బు చీలుస్తాను. ఒక పిలక నీకు. చూసినవాళ్లు పారెయ్యమంటారు. పారెయ్యకు.

అమ్మ మాట నేను విననిది ఇదొక్కటే. ఇదిమాత్రం ఇకమీదా వినను.

ఇట్లు,
మీ నాన్న