ప్రెస్సులో పేస్టంటే జిగురే

ప్రియమైన పిడుగుకి,

నువ్వు కులాసాయే కదా? నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. నిన్న ప్రెస్సు ఓనరు అందరి ముందూ నా లాప్‌టాప్ మీద తట్టి, "ఇదీ ముసలిదైంది, మీరూ నెమ్మదించారు. ఒకటో తారీకుకి కొత్త మిషను, దాంతోపాటే కొత్త ఆపరేటరు" అన్నాడు. పదమూడేళ్ళుగా ఇక్కడ అచ్చయిన ప్రతి పుస్తకం నేను కంపోజ్ చేసిందే. నెమ్మదించింది నేను కాదు, అది. ఫైలు తెరుచుకునేలోపు బల్లంతా సర్దేసుకుంటున్నాను. గంట గడిస్తే వేడెక్కిపోయి టప్పున ఆగిపోతుంది.

నేనే బాగుచేసి చూపిస్తానని అనేశాను. అన్నాక భయమేసింది గానీ వెనక్కి తగ్గను. ఏం విప్పాలో, ఏం మార్చాలో వరసగా రాయి. ఫోన్లో చెబితే ఈ మిషన్ల రొదలో సగం వినపడదు. ఇంతకీ మీ రిపేరు షాపులో నువ్వు రోజుకెన్ని లాప్‌టాప్‌లు విప్పుతావే?

నీ అక్క

ప్రియమైన అక్కకి,

పార్సెల్‌లో ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు, ఒక వైరు పంపుతున్నాను. ముందు ఆ వైరుతో పాత డిస్కులోదంతా ఉన్నదున్నట్టు కొత్తదాన్లోకి ఎక్కించు. నీ పాత ఫాంట్లు ఎక్కడికీ పోవు. అది పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోకు.

తర్వాత చార్జరు పీకి, అడుగు మూత విప్పి, బ్యాటరీ వైరు తప్పించు. కాగితం మీద బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించు. పాత డిస్కు తీసి కొత్తది పెడితే నత్తనడక పోతుంది. ఫ్యాన్లో దుమ్ము బ్రష్షుతో దులుపు. రాగి రేకు ఎత్తితే ప్రాసెసర్ కనిపిస్తుంది. దాని మీద ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టు.

నేను రోజుకెన్ని విప్పుతానో తర్వాత రాస్తాను.

నీ చెల్లి

పిడుగూ,

నా కొంప ముంచావు. నువ్వు చెప్పినట్టే పేస్టు పెట్టి, మూత బిగించి ఆన్ చేశాను. కాసేపటికి గదంతా రొట్టె మాడిన వాసన. మా బైండర్ పరిగెత్తుకొచ్చి, నేను తన డబ్బాలోంచి తీసుకెళ్ళింది మైదా పేస్టు కదా అన్నాడు. ప్రెస్సులో పేస్టంటే అట్టలు అంటించే జిగురే. ఇంకో పేస్టుందని నాకెవరు చెప్పారు?

ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంక వదిలెయ్యమన్నాడు. వదలనన్నాను. పక్కగదిలోకెళ్ళి ఏడ్చాను, అది వేరే సంగతి. ఒకటో తారీకుకి ఇంకా పదిరోజులుంది. వెంటనే రాయి. నీకు తెలియకపోతే మీ పెద్ద మెకానిక్‌ని అడుగు.

నీ అక్క

అక్కా,

తప్పు నాదే. అది థర్మల్ పేస్టు, ట్యూబు పంపుతున్నాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో జిగురంతా తుడిచి, బాగా ఆరాకే ఇది పెట్టు. ప్రాసెసర్‌కి ఏమీ అయ్యుండదు. వేడి మితిమీరితే దానంతటదే ఆగిపోతుంది.

పెద్ద మెకానిక్‌ని నేను అడగలేదు, అడగను కూడా.

నీ చెల్లి

ప్రియమైన నా మెకానిక్ చెల్లికి,

గెలిచాం. ఒకటో తారీకున పొద్దున్నే మూడొందల పేజీల పుస్తకం తెరిచాను. చిటికెలో తెరుచుకుంది. సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఓనరు అటూఇటూ తచ్చాడి, చివరికి దయతలచినట్టు, సరే ఉండండి అన్నాడు.

"మీరు ఉండమనడమెందుకు? నేను వెళ్తానని అనలేదుగా" అన్నాను. బైండర్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

నేను మెకానిక్‌ని కాను. కోర్సు పాసై ఇక్కడ చేరిన రోజు నుంచీ కౌంటర్లోనే కూర్చోబెట్టారు. లాప్‌టాప్ తీసుకుని, చీటీ అంటించి, లోపలికి పంపడమే నా పని. రెండేళ్ళుగా లోపల రిపేరు బల్ల దగ్గరికి పంపమని అడుగుతూనే ఉన్నాను. ఆడపిల్లకి కౌంటరే నయమంటాడు మా సార్. నీకు రాసినదంతా క్లాసులో చదివిందీ, లోపల విప్పుతుంటే అద్దపు తలుపులోంచి చూసిందీ. ఈ షాపులో నేను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. నీ ఉద్యోగంతో ఆడుకుంటున్నానని ఇన్నాళ్ళూ నాకు తిండి సయించలేదు.

నిన్న నీ ఉత్తరం చదివి, కౌంటర్ వదిలి, లోపలికెళ్ళి ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను. వేడెక్కి ఆగిపోతోందని ఎవరో ఇచ్చిన లాప్‌టాప్ విప్పాను. సార్ వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు. ఎవరిని అడిగి కూర్చున్నావన్నాడు.

"అడిగి అడిగి రెండేళ్ళయింది సార్. అందుకే ఈసారి అడగలేదు" అన్నాను.

ఇవాళా అక్కడే కూర్చున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ బల్ల మీదే.

నీ చెల్లి,
మెకానిక్