సౌండ్‌కి సైగ ఇచ్చేది ఎవరు

జూన్ 2, సోమవారం. జగ్గయ్యపేట.

పోలండ్ నాటకశాల వాళ్ల సౌండ్ పుస్తకం. మొదటి సగం ఇంగ్లీషులోకి పూర్తి. మైకులు, స్పీకర్లు, మిక్సరు, నాటకం నడుస్తుండగా ఎవరు ఎవరికి ఏం చెప్పాలి... అన్నీ. పొద్దున్నే ఆ నాటకశాలలో ఈ పని చూసే మాగ్దాకి పంపేశాను. పోలిష్ ఫైలు మొత్తం నా దగ్గరే ఉంది గానీ, రెండో సగం నాకు ఇచ్చేదీ లేనిదీ మొదటిది చూశాకే చెబుతానంది. చూడనీ. బాగా చేశాను.

ఒక్క "పోగ్వోస్" దగ్గరే రెండు రోజులు తిరుగుళ్లు. మాట ఆగిపోయాక గదిలో కాసేపు మిగిలే ధ్వని. ఎకో అని రాసి కొట్టేశాను. ఎకో అంటే మాట తిరిగి రావడం, ఇది మాట సాగడం. నిన్న ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే నేను ఖాళీ చర్చిలో నిలబడి చప్పట్లు కొడుతున్నాను. పాస్టరమ్మగారు తలుపు దాకా వచ్చి, చూసి వెళ్లిపోయారు. రివర్బ్. ఖాయం.

జూన్ 3

మా ఆయన ప్రసాద్ ఫ్యాక్టరీ నుంచి వస్తూనే కబురు తెచ్చాడు. నందిగామలో ఇంగ్లీషు మీడియం స్కూలు, టీచరు కావాలట. కరెస్పాండెంట్ మేడమ్ ఒకప్పుడు నాన్నతో కలిసి పనిచేసినావిడే. తొమ్మిదో తారీఖుకి చెప్పాలి, పన్నెండున బడి తెరుస్తారు. "నెలనెలా వచ్చేది గదా" అన్నాడు. తప్పేమీ అనలేదు. అయినా నాకు కోపం వచ్చింది.

పోలండ్‌కి చదువుకోడానికి వెళ్లి, హాస్టల్లో, కూరగాయల కొట్లో, ట్రాముల్లో నలుగురి చేతా నవ్వించుకుని మరీ నేర్చుకున్న భాష. మూటగట్టి అటక మీద పెట్టమంటే పెట్టను.

జూన్ 4

మాగ్దా నుంచి ఏమీ లేదు. మధ్యాహ్నం కరెంటు కూడా లేదు.

జూన్ 5, గురువారం

వచ్చింది. చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

ఇంగ్లండ్ నుంచి వాళ్ల దగ్గరికి రాబోయే సౌండ్ ఇంజనీరు నా అనువాదం చదివాడట. వర్షం చప్పుడు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో నాకు ప్రాంప్టర్ చెప్తుందా, ఇదేం పద్ధతి అని అడిగాడట. మా ప్రాంప్టర్ మాట మర్చిపోయిన నటుడికి మాట అందిస్తుంది, ఇంకేమీ చెయ్యదు అని మాగ్దా రాసింది. ఇది ఇలాగే అచ్చయి ఉంటే మొదటి రోజు ఆ మనిషి ఆవిడ వైపే చూస్తూ కూర్చునేవాడట. కింద ఒక్క వాక్యం — రెండో సగం వేరే వాళ్లకి ఇద్దామా అని ఆలోచిస్తున్నాం.

ఇన్‌స్పిత్స్యెంత్. ఈ పోలిష్ మాటకి డిక్షనరీ స్టేజ్ మేనేజర్ అనే చెప్పింది. కొట్టేసింది నేనే. స్టేజ్ మేనేజర్ అనగానే నా కళ్లకి కనిపించింది మన పరిషత్తు నాటకాల్లో కుర్చీలు సర్దించి, దండలు తెప్పించి, తర్వాతి సమాజం పేరు మైకులో చదివే పెద్దమనిషి. నాటకం నడిపేది అతనా? నడిపేది సైడ్ వింగ్‌లో పుస్తకం పట్టుకుని నిలబడే ప్రాంప్టర్. మా నాన్న. నోటితో మాట అందిస్తూనే ఎడమచేత్తో టార్చి వెలిగించి ఆర్పితే మైక్‌సెట్టు అతను ఉరుము వేసేవాడు. టార్చి పైకెత్తి ఊపితే తెర పడేది. ఇదంతా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని చూసిన దాన్ని, నాకంటే డిక్షనరీకి ఏం తెలుసనుకున్నాను. స్టేజ్ మేనేజర్ ఉండాల్సిన ప్రతి చోటా ప్రాంప్టర్.

పొగరు. ఇంకో పేరు లేదు దానికి.

జూన్ 6

మాగ్దాకి రాశాను. సాకులు లేవు. తప్పు నాది, జరిగింది ఇందుకు, సరిచేసి సోమవారం పంపుతాను. ఒక్కటి మాత్రం అడిగాను — రిహార్సల్లో హెడ్‌ఫోన్లలో మీరు మాట్లాడుకునేది నన్ను విననివ్వండి. సాయంత్రానికి జవాబు. రేపు పదింటికి. అంటే ఇక్కడ ఒకటిన్నర. రెండో సగం ఊసు ఎత్తలేదు.

ఒక మాట తీసి ఇంకో మాట పెట్టి పంపక ఇదంతా ఎందుకంటాడు ప్రసాద్. ఒక మాట కాదు. ఆ ఇన్‌స్పిత్స్యెంత్ ఎక్కడ కూర్చుంటుందో, ఎవరితో మాట్లాడుతుందో తెలియకుండా ఆ పేజీలన్నీ రాశాను. అన్నీ అనుమానమే ఇప్పుడు.

జూన్ 7, శనివారం

ఒంటిగంటకే కరెంటు పోయింది. ఫోన్లో సిగ్నల్ ఒక గీత. ప్రసాద్ గొణుక్కుంటూనే బండి తీశాడు. చిల్లకల్లులో హైవే పక్కన అతని స్నేహితుడి టైర్ల కొట్టు, అక్కడ జనరేటరు ఉంది, వైఫై ఉంది. టైర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ. ఒళ్లో లాప్‌టాప్.

చెవుల్లో ఆవిడ గొంతు. ఇన్‌స్పిత్స్యెంత్ ఒక పెద్దావిడ. పొడి గొంతు, తొందర లేదు. "ఉవాగా" అంటుంది. లైన్లో అందరూ గప్‌చుప్. సౌండ్ నంబరు చెబుతుంది. ఆగుతుంది. ఇంకో పొట్టి మాట — వెంటనే వర్షం.

ఆ ఉవాగాని నేను "జాగ్రత్త" అన్న అర్థంలో రాసి పెట్టాను. కరెంటు స్తంభానికి బోర్డు కట్టినట్టు. కాదు. సిద్ధంగా ఉండు, చెయ్యి బటన్ మీద ఉంచు, నేను చెప్పేదాకా నొక్కకు. స్టాండ్‌బై.

ఒకచోట నటుడు మాట మర్చిపోయాడు. దూరం నుంచి వేరే గొంతు మెల్లగా అందించింది. అదీ ప్రాంప్టర్. ఇన్‌స్పిత్స్యెంత్ తర్వాతి సైగ ఇవ్వకుండా ఆగింది. అతను అందుకున్నాకే ఇచ్చింది.

ఇద్దరు మనుషులు. నాన్న ఒక్కడూ చేసిన పని.

పక్కన లారీలు, చెమటకి చెవుల్లోంచి జారిపోయే ఇయర్‌ఫోన్లు. ఇంత సంతోషంగా ఉండి చాలా రోజులైంది.

జూన్ 8, ఆదివారం. నందిగామ.

ఆరాధన అయ్యాక బస్సెక్కి నాన్న దగ్గరికి. జరిగింది చెప్పాను. ప్రాంప్టర్‌ని అన్ని చోట్లా కొట్టేశానని చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు. నొచ్చుకుంటారనుకున్నాను. మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"మాకు మనుషుల్లేక ఒకడితో సరిపెట్టుకున్నామమ్మా. నువ్వు అదే పద్ధతనుకున్నావు."

తర్వాత, రేపు మేడమ్ గారికి ఏం చెప్తావని అడిగారు. ఇంకా అనుకోలేదన్నాను. అబద్ధం.

జూన్ 9, సోమవారం. జగ్గయ్యపేట.

పొద్దున. సరిచేసిన సగం పంపాను. ప్రతి పేజీ పైకి చదివి.

మధ్యాహ్నం. జవాబు లేదు.

నాలుగింటికి మేడమ్ గారి ఫోను. మర్యాదగా అడిగారు. రెండు రోజులు గడువు ఇవ్వండని నోటిదాకా వచ్చింది. మాగ్దా ఇస్తే ఇది, ఇవ్వకపోతే బడి... అంటే నేనేం చెయ్యాలో మాగ్దా తేల్చాలన్నమాట. నచ్చలేదు.

"రాలేనండి. నాకు వేరే పని ఉంది."

"ఎక్కడమ్మా?"

"ఇంట్లోనేనండి."

సరేనన్నారు.

ప్రసాద్‌కి చెప్పాను. వాళ్లు ఇవ్వకపోతే అన్నాడు. ఇంకో నాటకశాలని అడుగుతానన్నాను. అన్నం తినేసి, కంచం తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. అరిచినా బాగుండేది. నాకు భయంగానే ఉంది. భయమేసినా మాట వెనక్కి తీసుకోను.

జూన్ 10

మెయిల్లో ఏమీ లేదు. పది సార్లు కాదు, రెండు సార్లే చూశాను.

రెండో సగం ఫైలు తెరిచాను. ఎవరూ చెయ్యమనలేదు. మొదటి పేజీ, నటుడి ఒంటికి మైకు కట్టడం గురించి. వైరు మెడ మీంచి ఎలా దించాలి, టేపు ఎక్కడ వెయ్యాలి, చెమట పడితే ఏమవుతుంది. చదివితే అర్థమైనట్టే ఉంది. మొదటి సగమప్పుడు కూడా అలాగే ఉంది.

ప్రసాద్ డ్యూటీ నుంచి రాగానే చొక్కా విప్పమన్నాను. ఇయర్‌ఫోన్ వైరు చెవి వెనక నుంచి వీపు మీదకి దించి, టేపు అంటించి, ఇల్లంతా నడవమన్నాను. జీతం లేని పనికి జీతం లేని మనిషివి దొరికావు అన్నాను, అతను అనేలోపలే. నవ్వలేదు. కానీ నడిచాడు. వంటింటి గుమ్మం దగ్గర మెడ తిప్పగానే టేపు ఊడింది.

ఎక్కడ ఊడిందో రాసుకున్నాను. ఇంకోసారి నడవమన్నాను.